పన్నెండు చీరలు, అయిదు జాకెట్లు

పోయిన ఏడాది మే నెలాఖరున, బడి తెరవడానికి ఇంకా రెండు వారాలుందనగా, బీరువాలోని చీరలన్నీ తీసి మంచం మీద పెట్టాను. పట్టుచీరలు కాకుండా బడికి కట్టుకోదగ్గవే 58 తేలాయి. నేను విజయవాడలో హైస్కూలు టీచర్ని. వారానికి ఆరు రోజులు చీర కడతాను. అన్ని చీరలున్నా పొద్దున ఏడింటికి బీరువా ముందు నిలబడి ఏది కట్టాలో తోచేది కాదు. ఒకటి తీస్తే జాకెట్టు బిగుతు, ఇంకోటి తీస్తే లంగా రంగు బయటికి కనిపిస్తుంది. ఆ టెన్షన్‌తోనే బస్సెక్కేదాన్ని.

హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఇదంతా చూసి, "అమ్మా, నువ్వు క్యాప్సూల్ వార్డ్‌రోబ్ చేసుకో" అంది. బట్టలు తక్కువే ఉండాలి, కానీ ఏది తీసినా మిగతావాటితో కలవాలి. అదీ దాని సంగతి. 1970ల్లో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూసీ ఫాక్స్ వల్ల ఆ మాట ప్రచారంలోకి వచ్చిందట. 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కరన్ ఏడే ఏడు రకాలతో ఒక కలెక్షన్ తెచ్చారట. అమ్మాయి ఫోన్లో చూపించిన లిస్టుల్లో తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, కోటు ఉన్నాయి. చొక్కా ఏ ప్యాంటు మీదికైనా నప్పుతుంది. మరి చీర కట్టేవాళ్ళం దేన్ని దేంతో మార్చుకోవాలి? రెండు రోజులు అదే ఆలోచించాను.

జవాబు మంచం మీదే దొరికింది. ఒక్కో చీర మీద దాని జాకెట్టు పెట్టుకుంటూ వచ్చాం. 58 చీరల్లో ఒంటికి సరిపోయే జాకెట్టు ఉన్నవి 19. కొన్ని జాకెట్లు బిగుతైపోయాయి, కొన్నిటికి చెమటకి చంకల్లో రంగు పోయింది. కొన్నిటికి అసలు కుట్టించనే లేదు, అటాచ్డ్ బ్లౌజ్ చీరతోనే ఉండిపోయింది. ఆ ముక్కతో కుట్టిన జాకెట్టు దాదాపు ఆ ఒక్క చీరకే పనికొస్తుంది. మంచి నేతచీర పదేళ్ళు నిలుస్తుంది, దాని జాకెట్టు మూడేళ్ళకే పాడవుతుంది. అది పోగానే నిక్షేపంలాంటి చీర మూలన పడుతోంది. నాకు తక్కువైంది చీరలు కాదు, జాకెట్లు.

ఆ రోజే ఇంకోటి కూడా కనిపించింది. వాటిలో నేను చూసి, నచ్చి కొనుక్కున్నవి ఇరవై లోపే. మిగతావన్నీ పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, ఓణీల ఫంక్షన్లలో వచ్చిన పెట్టుబడి చీరలు. ప్రేమతో పెట్టినవే, కాదనను. కానీ ఎవరూ నా వాడకం చూసి పెట్టినవి కావు. మడత విప్పనివి మళ్ళీ పెట్టుబడికి పక్కన ఉంచాను. కొన్ని తెలిసినవాళ్ళని అడిగి, నచ్చినవే తీసుకోమన్నాను. మా మేనత్త తన చివరి సంక్రాంతికి పెట్టిన ఆకుపచ్చ చీర మాత్రం పట్టుచీరల్లో పెట్టుకున్నాను. అది ఏ లెక్కలోకీ రాదు.

బడికి పన్నెండు ఉంచుకోవాలని అనుకున్నాను, అంటే రెండు వారాలకి సరిపడా. ఒళ్ళంతా పెద్ద పువ్వులున్నవి వద్దనుకున్నాను, వాటి మీదికి ఏ జాకెట్టూ అంత తేలిగ్గా కుదరదు. చివరికి అయిదు మంగళగిరివి, మూడు వెంకటగిరివి, రెండు నారాయణపేట గళ్ళవి, రెండు పోచంపల్లివి నిలిచాయి. కలిపి కట్టుకోడానికి మంగళగిరిని మించింది లేదని నా అభిప్రాయం. బాడీ అంతా సాదాగా ఉంటుంది, అందమంతా జరీ అంచులోనే. అయిదింటిలో ఒకటే కొత్తగా కొన్నాను, బూడిదరంగుది. దానికోసం మంగళగిరే వెళ్ళాం, మాకు ఎంతో దూరం కాదు.

జాకెట్లకి రంగులు ఎంచుకునేటప్పుడు చీర బాడీ కన్నా అంచునే ఎక్కువ చూశాను. పన్నెండు చీరల అంచుల్లో, గళ్ళలో ఏయే రంగులున్నాయో నోటుబుక్కులో రాస్తే మెరూన్, నలుపు, ఆవపిండి రంగు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఆ మూడూ సాదా గుడ్డలో తీసుకున్నాను. నాలుగోది పెడన కలంకారీ అచ్చు, అయిదోది నీలం పోచంపల్లి గుడ్డ. సాదా చీర కట్టిన రోజు ఈ రెండింటిలో ఒకటి వేస్తే చీరకే కొత్త కళ వస్తుంది.

గుడ్డ కోసం మా ఊరి బట్టల మార్కెట్ వస్త్రలతకి వెళ్ళినప్పుడు నాలుగు చీరలు సంచిలో పట్టుకెళ్ళాను. అయినా మొదటిసారి పొరపాటు జరిగింది. ట్యూబులైటు కింద చక్కని ఆవపిండి రంగులా కనిపించిన గుడ్డ, ఇంటికొచ్చి బాల్కనీలో చూస్తే పచ్చిమామిడి ఛాయ కొట్టింది. ఒక్క చీరకీ నప్పలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు షాపతన్ని అడిగి, తానును గుమ్మం దాకా తెచ్చి ఎండ వెలుగులో అంచు పక్కన పరిచి చూశాకే మీటరు కోయించాను.

కుట్టించే దగ్గర ఇంకో పాఠం. బీరువాలో ఉన్న ఆది జాకెట్టు అయిదేళ్ళ కిందటిది. అది ఇవ్వకుండా కొత్తగా కొలతలు తీయించుకున్నాను. అయిదూ ఒకేసారి ఇవ్వకుండా ముందు కలంకారీది ఒక్కటే కుట్టించి బడికి వేసుకెళ్ళాను. బోర్డు మీద పైవరసలో రాయడానికి చెయ్యెత్తగానే చంక దగ్గర పట్టేసింది. ఆ సాయంత్రం ఉతికితే ఇంకాస్త దగ్గరైంది, గుడ్డ తడపకుండానే ఇచ్చేశాను మరి. లోపల మార్జిన్ వదలబట్టి సరిపోయింది. పక్కకుట్లు విప్పి, చంక దింపి టైలరమ్మ బాగుచేసింది. మిగతా నాలుగు గుడ్డలూ, లైనింగుతో సహా, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. నీలం గుడ్డని విడిగా నానబెట్టాను. మూడు నీళ్ళు మారిస్తే గానీ రంగు దిగడం ఆగలేదు. కొత్త చంకతో కుట్టిన ఆ నాలుగూ ఒక్క పట్టుకి సరిగ్గా కుదిరాయి.

లంగాలు నాలుగు చాలాయి: గంధం రంగు, నలుపు, మెరూన్, ముదురు నీలం. గుడ్డకి 1,350, కుట్టుకూలి 2,250, బూడిదరంగు చీరకి 1,400, మొత్తం అయిదు వేలయింది. లంగాలు పాతవే.

తర్వాతి ఆదివారం పొద్దున పదింటికి బాల్కనీలో చాప వేసి, ఒక్కో చీర అంచు మీద అయిదు జాకెట్లూ పెట్టి చూశాం. నోటుబుక్కులో అడ్డంగా జాకెట్లు, నిలువుగా చీరలు. 60 గళ్ళలో 38కి టిక్కు పడింది. చిలకాకుపచ్చ వెంకటగిరి మీదికి నీలం పోచంపల్లి జాకెట్టు నేనైతే వద్దనేదాన్ని. అమ్మాయి ఫోన్లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూపించింది. చీర లేతగా, జాకెట్టు ముదురుగా విడివిడిగా కనిపించాయి. ఆ రెండూ కలిసి ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన జత. రెండు ముదురు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయా అన్నది ఆ ఫొటోలో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం నోటుబుక్కు చూసి ఆరు జతలు రాసుకుంటాను. గంజి పెట్టిన చీరలు ఇస్త్రీ చేసి వరసగా తగిలిస్తాను. పొద్దున చెయ్యి పెడితే చీర చేతికొస్తుంది. చాక్‌పీస్ పొడి ముదురు చీర మీద తెల్లగా కనిపిస్తుంది కాబట్టి, లెక్కలు ఎక్కువ చేయించే రోజున లేత రంగు కడతాను.

ఒక ఇబ్బంది జూలైలో తేలింది. చీర రెండుసార్లు కట్టి ఉతకొచ్చు, జాకెట్టు మాత్రం విజయవాడ చెమటకి ఏ రోజుదారోజు ఉతకాల్సిందే. వాన పట్టిందంటే లైనింగున్న జాకెట్టు మర్నాటికి ఆరదు. ఆరోది కావాలనుకుంటుండగా మా వదిన ఫోన్ చేసింది. వాళ్ళ గృహప్రవేశం. "నీకే రంగు చీర పెట్టమంటావు?" అని అడిగింది.

"చీర వద్దు వదినా. ముదురు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ పెట్టు, మీటరు, కాటన్‌ది" అన్నాను.

"ఇంటి ఆడపడుచుకి ఒట్టి జాకెట్టు గుడ్డ పెడితే నలుగురూ ఏమంటారే?" అని నొచ్చుకుంది. బీరువా సంగతంతా చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, ఆ రోజు బొట్టు పెట్టి తాంబూలంలో ఆకుపచ్చ గుడ్డ పెట్టింది. నా సంచిలోని చీర అంచు పక్కన పెట్టి తనే చూసి, "బాగానే ఉందిలే" అంది. ఇంటికి రాగానే బకెట్లో నానేశాను. నోటుబుక్కులో ఆరో జాకెట్టుకి ఇంకో వరస గీశాను, అందులో ఇప్పటికి ఏడు టిక్కులు పడ్డాయి. నారాయణపేట గళ్ళవి రెండూ ఇంకా పగటి వెలుగులో చూడాలి.