బగ్ రిపోర్టులో ఇంగ్లీషు: బెంగళూరు నుంచి నా అనుభవం

బెంగళూరులో ఉదయం 10 గంటలకు బగ్ రిపోర్టు (సాఫ్ట్‌వేర్‌లో కనిపించిన లోపం గురించి రాసే నివేదిక) పంపితే కాలిఫోర్నియాలో అప్పటికి ముందురోజు రాత్రి. అక్కడ వేసవిలో 9:30, చలికాలంలో 8:30. అక్కడి ఇంజనీరు మర్నాడు పొద్దున అది చదివి ‘ఏ సర్వరు?’ అని ఒక్క ప్రశ్న అడిగితే, మనం చూసేసరికి రాత్రవుతుంది, జవాబు రాసేసరికి తెల్లారుతుంది. అర్థంకాని ఒక్క వాక్యానికి ఒక పనిదినం పోయినట్టే. మా ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు ఇంగ్లీషు గురించి ఎంత బెంగపడతారో రోజూ చూస్తుంటాను. ఆ బెంగంతా ‘ఎ’, ‘ద’ అనే ఆర్టికల్స్ ఎక్కడ పెట్టాలనే దాని చుట్టూనే. అవి తప్పినా చదివేవాళ్లు సర్దుకుంటారు. అర్థం తలకిందులయ్యే చోట్లు వేరే ఉన్నాయి, అవి మన తెలుగు వాక్యంలోంచే వస్తాయి.

నేను ముందు శీర్షిక రాయను. జరిగినదాన్ని నాలుగు ముక్కలుగా పెట్టుకుంటాను: ఏ వెర్షన్, ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది. వెర్షన్ దగ్గర ‘లేటెస్ట్’ అని రాస్తే పనికిరాదు, వారం తిరిగేసరికి లేటెస్ట్ మారిపోతుంది. అంకెలు పూర్తిగా వేయాలి. చేసిన పనిని అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగులో ఒక్క పనే ఉంచుతాను. ప్రతిసారీ జరగని బగ్ అయితే ‘అప్పుడప్పుడు’ అనకుండా, 10 సార్లు చేస్తే 3 సార్లు వస్తోందని లెక్క ఇస్తాను. ఎర్రర్ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్‌గా కాక అక్షరాలుగానే అతికిస్తాను. బొమ్మలో ఉన్న అక్షరాలను కాపీ చేసి కోడ్‌లో వెతకడం కష్టం. లాగ్‌లో (ప్రోగ్రామ్ నడుస్తూ తనంతట తానే రాసుకునే చిట్టాలో) చివరి ఎర్రర్ కంటే మొదటి ఎర్రర్ ముఖ్యం, తర్వాతివి చాలావరకు దాని పర్యవసానాలే. పంపేముందు పాస్‌వర్డులు, టోకెన్లు (పాస్‌వర్డులా పనిచేసే రహస్య కోడ్‌లు), కస్టమర్ల ఫోన్ నంబర్లు తీసేయాలి.

శీర్షిక ఇవన్నీ అయ్యాకే కుదురుతుంది. ‘అప్లికేషన్ నాట్ వర్కింగ్’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ భాగం, ఏ పని చేసినప్పుడు, ఏమవుతోంది అన్న మూడూ అందులో ఉండాలి. మనకు ముందు సంగతంతా చెప్పి ‘కాబట్టి’ అంటూ చివర్లో అసలు కోరిక పెట్టడం అలవాటు. తెలుగులో అది మర్యాద కూడా. ఇంగ్లీషు రిపోర్టులో దాన్ని తిప్పేస్తాను: మొదటి వాక్యంలోనే ఏం విరిగింది, ఎవరికి ఇబ్బంది, ఎప్పటిలోగా కావాలి.

ఇక ప్రమాదం ఉన్న చోట్లు. తెలుగులో కర్త లేకుండా మాట్లాడతాం: ‘రీస్టార్ట్ చేశాం, మళ్లీ పడిపోయింది.’ ఏది పడిపోయిందో పక్క సీటువాళ్లకు తెలుసు. ఇంగ్లీషులో ఆ ఖాళీలో ‘ఇట్’ వచ్చి కూర్చుంటుంది. అది యాప్ కావచ్చు, డేటాబేస్ కావచ్చు, నెట్‌వర్క్ కావచ్చు. అందుకని ప్రతి వాక్యంలోనూ పేరు మళ్లీ రాస్తాను. ఒకే మాట తిరిగి వాడితే బాగుండదని బడిలో వ్యాసాలు రాసేటప్పుడు నేర్పారు, ఇక్కడ ఆ నియమం పక్కన పెట్టాల్సిందే. ‘మనం’, ‘మేము’ రెండూ ‘వి’ అయిపోవడం ఇంకో చిక్కు. ‘వి విల్ ఫిక్స్’ అంటే చేసేది బెంగళూరు జట్టా, అవతలి జట్టా? జట్టు పేరు రాసేస్తే ఆ అనుమానం ఉండదు.

అన్నిటికంటే నష్టం చేసేది మన ‘అని’. డేటాబేస్ టీమ్ ‘నేను చూస్తాను’ అని చెప్పింది అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు మారిస్తే ‘దే టోల్డ్ ఐ విల్ చెక్’ అవుతుంది. చదివినవాళ్లు చూడాల్సింది రాసినవాళ్లే అనుకుంటారు, డేటాబేస్ టీమ్‌ను ఎవరూ అడగరు. ‘ద డేటాబేస్ టీమ్ విల్ చెక్’ అంటే చాలు.

వ్యతిరేక ప్రశ్నలకు జవాబు మరీ జాగ్రత్తగా రాయాలి. ‘ప్యాచ్ (లోపాన్ని సరిచేసే మార్పు) వేశాక కూడా క్రాష్ ఆగలేదా?’ అంటే మనం ‘అవును, ఆగలేదు’ అంటాం. ఇంగ్లీషులో ఒట్టి ‘యెస్’ అని పెడితే ఆగిపోయిందని అర్థం, టికెట్ (ఆ బగ్ పేరున తెరిచిన ఫిర్యాదు) మూసేస్తారు. ఇలాంటి ప్రశ్నకు యెస్, నో రెండూ మానేసి ‘ద యాప్ స్టిల్ క్రాషెస్ ఆన్ 4.2.1’ లాంటి పూర్తి వాక్యం రాస్తాను. రెండు సర్వర్లూ స్పందించనప్పుడు ‘బోత్ ఆర్ నాట్’ అంటే ఒకటి పనిచేస్తోందేమో అనుకునే వీలుంది, అక్కడ ‘నైదర్’ వాడాలి. సోమవారం లోపు కావాలంటే ‘బై మండే’. ‘టిల్ మండే’ అంటే సోమవారం వరకు ఆ పని సాగుతూ ఉండాలని.

మన ఆఫీసు ఇంగ్లీషులో జవాబివ్వండి అనడానికి ‘రివర్ట్’ వాడతారు. గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు అది చేసిన మార్పును వెనక్కి తీసెయ్యమన్న ఆదేశం. ‘డు ద నీడ్‌ఫుల్’ కూడా అంతే, ఏ పని చేయాలో దాంట్లో ఉండదు. లాగ్ పంపాలా, ప్యాచ్ ఇవ్వాలా, టికెట్ తిరిగి తెరవాలా, అదే రాయాలి.

అంకెల సంగతి తొందరగా చెప్పేస్తాను. 03/04 మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4, కాబట్టి 2025-04-03 లాగా రాయాలి. భారత సమయానికి మనం రాసే ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్, ఐర్లండ్ సమయాలు కూడా అవుతాయి, యూటీసీ+5:30 (యూటీసీ అంటే ప్రపంచ ప్రామాణిక సమయం) అని రాస్తే గొడవ లేదు. 12,50,000 రికార్డులు అన్నచోట 1,250,000 అని వేయాలి.

రాసింది మరొకరి చేత చదివించడం మంచిదే, కానీ ఎవరిచేత అన్నది చూసుకోవాలి. తెలుగువాళ్లు ఖాళీలను తమంతట తామే పూరించుకుంటారు. ఈ ఊళ్లో పక్కన ఉండే కన్నడ, తమిళ సహోద్యోగులకూ వాక్యం అల్లిక మనకు దగ్గరే, వాళ్లూ అలాగే పూరించుకుంటారు. అందుకే ఆ బగ్ సంగతి బొత్తిగా తెలియనివాళ్లకు ఇచ్చి, ఆ అడుగులు మాత్రమే చూసి కంప్యూటర్ మీద చేయమంటాను. ఎక్కడ ఆగి నావైపు చూస్తారో అక్కడ వాక్యం మారుస్తాను. వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్ వాడినా ఫరవాలేదు. అది ‘మే ఫెయిల్’ను ‘ఫెయిల్స్’గా మార్చేసిందేమో, అంకెలు, ఫైల్ పేర్లు అలాగే ఉన్నాయేమో మాత్రం మళ్లీ చూడాలి.

టీ దగ్గర తెలుగులో మాట్లాడి తేల్చుకున్నదేదైనా ఆరోజే టికెట్‌లో రెండు వాక్యాలుగా ఎక్కించాలి: ఏం నిర్ణయించారు, ఎవరు చేస్తారు. లేకపోతే తెలుగు రాని జట్టు సభ్యులకు ఆ నిర్ణయం జరగనట్టే, అది వాళ్లకు అన్యాయం కూడా. ప్యాచ్ వచ్చాక ఒట్టి ‘థాంక్స్’తో వదిలేయకుండా, ఏ వెర్షన్‌లో, ఏ యంత్రం మీద, ఎన్నిసార్లు పరీక్షించామో, ఎన్నిసార్లు క్రాష్ అయిందో రాసి, ఆ తర్వాతే టికెట్ మూయమని అడుగుతాను.