కోస్తా ఎక్కడిదాకా?

నరసరావుపేట కోస్తాలోదే. కానీ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాకు గజం తీరం కూడా లేదు. అదే విభజనలో శ్రీహరికోట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి, ఆ జిల్లాకు సముద్రం వచ్చింది. అయినా తిరుపతి ఊరిని కోస్తా అనేవారు లేరు. ఈ పేర్లు చరిత్రకు సంబంధించినవి, దూరాన్ని చెప్పవు.

వాతావరణ శాఖ లెక్క వేరు. మైదానంలోనైతే ఎండ 40 డిగ్రీలు చేరాకే వడగాడ్పు గురించి ఆలోచిస్తారు. తీరప్రాంత కేంద్రంలో 37 చాలు, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే. తేమకు చెమట ఆరదు కదా!

స్థలం కొనేవారికి కావలసింది మూడో లెక్క: తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్), అంటే తీరం వెంట 500 మీటర్ల దాకా కట్టడాలకు ఆంక్షలుండే ప్రాంతం. చాలామంది అలలు తాకే చోటు నుంచి టేపు పట్టి ఆ 500 మీటర్లు కొలుస్తారు. తప్పు. కొలత మొదలయ్యేది పోటు రేఖ నుంచి: అమావాస్య, పున్నమి పోటుకు నీరు నేలమీద ఎక్కేంత మేర. దాన్ని గుర్తించేది అధీకృత సంస్థలే. అమ్మేవాడు చూపించే రాయి చెల్లదు.

అసలు చిక్కు ఉప్పుటేర్ల దగ్గర. సముద్రం కనపడకపోయినా, పోటు ఎక్కే కాలువ ఒడ్డు కూడా ఈ పరిధిలోకే వస్తుంది. 2011 నిబంధనల్లో ఒడ్డు నుంచి 100 మీటర్లు లేదా కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100ను 50 చేశారు. ఈ హద్దులు మ్యాపుల్లో చూపే తీర ప్రణాళికను 2019కి తగ్గట్టు సవరించి ఆమోదించేదాకా పాత లెక్కే నడుస్తుంది, కాబట్టి మీ చోట ఏ లెక్క అమల్లో ఉందో ముందు అడగాలి. పోటు ప్రభావం ఎక్కడిదాకా అనేది ఉప్పదనంతో తేలుస్తారు: లీటరుకు 5 గ్రాములు, అదీ ఏడాదిలో బాగా ఎండిన రోజుల్లో కొలవాలి. ఆగస్టు వరదలో గోదావరి పాయ నీళ్లు పరీక్షిస్తే ఉప్పు కొట్టుకుపోయి అంతా మంచినీరే అనిపిస్తుంది. 1991 ఫిబ్రవరి 19కి ముందు కట్టిన గట్టుగానీ తూముగానీ ఉంటే పోటు రేఖ అక్కడే ఆగుతుంది. గట్టు ఎప్పటిదో కాగితాల్లో చూసుకోవాలి.

మ్యాపు స్కేలు కూడా ముఖ్యమే. 1:25,000 మ్యాపులో 50 మీటర్లంటే 2 మిల్లీమీటర్లు, పెన్సిలు గీత మందమే పది మీటర్లు మింగుతుంది. సర్వే నంబర్లున్న 1:4,000 మ్యాపే అడగండి, అందులో ఆ 50 మీటర్లు 12.5 మిల్లీమీటర్లు.