మూడు ఫ్యాన్లు సరే, వేడి ఎటు పోతున్నట్టు?

పదకొండు దాటింది. నిద్ర రావట్లేదు. చిన్నోడు సాయంత్రం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "మామా, మూడు ఫ్యాన్లున్న కార్డే తీస్కుంట. రెండున్నయి ఎవలన్న కొంటరా?"

ఫ్యాన్లు లెక్కబెట్టి గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో ఆటల బొమ్మలు గీసేది) కొనడమేంటి! ఫ్యాను పని ఆఖర్న వస్తుంది. ముందు చిప్ మీద వేడిని అందుకునే రాగి పలక, దాన్ని మోసుకెళ్ళే హీట్ పైపులు, ఆ పైపులను పట్టుకున్న అల్యూమినియం రెక్కలు. చవక మోడళ్ళలో పలక ఉండదు, పైపులనే చదును చేసి చిప్‌కి ఆనిస్తారు. చిప్ చిన్నదైతే అంచున ఉన్న పైపులు దాన్ని తాకనే తాకవు. డబ్బా మీద నాలుగు పైపులని ఉంటుంది, సరిగ్గా పనిచేసేవి రెండే.

ఒకే చక్రంతో గాలిని వెనక జాలీలోంచి ఊదే పాత బ్లోయర్ కార్డులు వాడినవాళ్ళకైతే ఫ్యానంటే మోజు ఉండదు. 2010లో వచ్చిన ఎన్‌విడియా కంపెనీ జీటీఎక్స్ 480 పేరుకే 250 వాట్లు, లోడ్ పడితే 90 డిగ్రీలు దాటేది. 2013 నాటి ఆర్9 290ఎక్స్‌ని పోటీ కంపెనీ ఏఎమ్‌డీ 95 దగ్గర నడిచేలాగే తయారుచేసింది. పైగా ఆ మోత! వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే రోజుల్లో ఆ రోడ్డు పక్క వాడిన బ్లోయర్ కార్డు మూత విప్పితే తెలుస్తుంది అసలు సంగతి. పైకి చక్రం శుభ్రంగానే కనబడుతుంది. చక్రానికీ రెక్కలకీ మధ్య మాత్రం పత్తి నూగు, దుమ్ము కలిసి కంబళి ముక్కలా అతుక్కుని ఉంటుంది, అంచు పట్టి లాగితే ఒకే పొరగా ఊడొస్తుంది. మూత విప్పకుండానే పట్టుకోవచ్చు: మోత పెరిగినా వెనక జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి తగలకపోతే అదే కారణం. చక్రం వైపు నుంచి ఊదితే ఆ పొర రెక్కల్లోకి ఇంకా బిగుసుకుంటుంది. చిమటాతో తీసి, మిగిలింది జాలీ వైపు నుంచి వెనక్కి ఊదాలి. ఊదేటప్పుడు చక్రాన్ని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అడ్డూ అదుపూ లేకుండా తిరిగి బేరింగ్ పోతుంది.

బ్లోయర్‌ని తిడదామనే మొదలుపెట్టాను గానీ, రాస్తుంటే దానిమీద కాస్త గౌరవమే కలుగుతోంది. మోత చేసినా వేడిని కేసు, అంటే కంప్యూటర్ పెట్టె, బయటికి నెట్టేది. 2016లో ఎన్‌విడియా సొంతంగా అమ్మిన జీటీఎక్స్ 1080 ఫౌండర్స్ కార్డులో వేపర్ చాంబర్ (ఆవిరితో వేడిని పరిచే పలచని రాగి పెట్టె) పెట్టి 180 వాట్లను అలాగే వెనక నుంచి పంపారు. 2018లో ఆర్‌టీఎక్స్ 2080తో ఎన్‌విడియా తన సొంత కార్డుల్లోనూ బ్లోయర్ వదిలేసి రెండు ఫ్యాన్లు పెట్టింది. 2020 నాటి 3080లో 320 వాట్లు. ఒక ఫ్యాను గాలి జాలీలోంచి బయటికి, రెండోదాని గాలి కార్డులోంచి దూసుకుపోయి నేరుగా ర్యామ్, ప్రాసెసర్ మీదికి. 2025 నాటి 5090 అయితే బోర్డును మధ్యలోకి కుదించి, చిప్ మీద పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) పూసి, 575 వాట్లను రెండు స్లాట్ల మందంలో సర్దేసింది. ముచ్చటేస్తుంది, కాదనను. కానీ రెండు ఫ్యాన్ల గాలీ కేసులోనే పడుతుంది. బయటికి పంపే బాధ్యత మనదే.

మన దగ్గర కేసు ఉండేదెక్కడ? టేబుల్ కింద అరలో, వీపు గోడకు ఆనించి. రివ్యూలు 20, 25 డిగ్రీల గదుల్లో చేస్తారు. మే నెలలో హన్మకొండ మేడ మీది గది 40. గది ఎంత పెరిగితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. రివ్యూలో 68 చూపించిన కార్డు ఇక్కడ 83 దగ్గర క్లాక్, అంటే వేగం, తగ్గించుకుంటూ కూర్చుంటుంది.

అసలు కడుపుమంట ఇది కూడా కాదు, థర్మల్ ప్యాడ్లు: మెమరీ లాంటి భాగాల వేడిని హీట్‌సింక్‌కి (ఆ పలక, పైపులు, రెక్కల దిమ్మకి) అందించే మెత్తని ముక్కలు. ఏ చోట ఎంత మందమో చాలా కంపెనీలు చెప్పవు. ఒకే కార్డులో మెమరీ మీద 1.5 మిల్లీమీటర్లు, పవర్ భాగాల మీద 1 ఉండొచ్చు. 1.5 ఉండాల్సిన చోట 2 పెడితే హీట్‌సింక్ ఎత్తుకుని చిప్‌కి ఆనదు. పలచనిది పెడితే మెమరీ మాడుతుంది. 3080, 3090లలోని జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీకి ముందే వేడి ఎక్కువ. అందుకే పాత ప్యాడ్ నలగని అంచును వెర్నియర్‌తో కొలవాలి. కొత్తవి పెట్టాక చిప్ మీద వేడిని అందించే పేస్టు రాసి, నాలుగు స్క్రూలు ఐమూలగా కొంచెం కొంచెం బిగించి, మళ్ళీ విప్పి అచ్చు చూడాలి. చిప్ నిండా పలచగా పరుచుకుంటే సరే, ఒక మూల మందంగా మిగిలితే ప్యాడ్ ఎత్తు ఎక్కువైనట్టే. తర్వాత జీపీయూ-జడ్ అనే ప్రోగ్రాంలో చిప్ వేడికీ హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటుకీ) తేడా చూడాలి: 10, 15 అయితే నిశ్చింత, 30 దాటితే పేస్టు పక్కకు జారిపోయినట్టో, హీట్‌సింక్ వంకరగా కూర్చున్నట్టో. ప్యాడ్ల మందం రాసిన ఒక కాగితం ముక్క ఇంత తతంగాన్నీ తప్పించేది. దానికి బదులు స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ అంటిస్తారు!

సరే, చిన్నోడు మూడు ఫ్యాన్లదే కొననీ. కొత్త కార్డుల్లో మూడో ఫ్యాను బోర్డు దాటి ఉంటుంది, గాలి అడ్డం లేకుండా అవతలికి పోతుంది, అది మాత్రం మంచి ఏర్పాటే. ముందు కేసులో పొడుగు కొలవమనాలి. 320 మిల్లీమీటర్లు పట్టని కేసులు బోలెడు. ముందువైపు జాలీ ఉన్న కేసు, ముందు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, గోడకు జానెడు ఎడం. ఎండాకాలం పవర్ లిమిట్ (కార్డు తీసుకునే కరెంటు మీది హద్దు) 80 శాతానికి దించమని చెప్తాను. వేడి అయిదో వంతు తగ్గుతుంది, ఆటలో ఫ్రేములు పోయేది కొద్దిగానే.