సగం ధరకి రెండు చరిత్రలు

మొన్న రాజమండ్రిలో సగం ధరకి పుస్తకాలు అమ్ముతుంటే రెండు తెచ్చుకున్నాను. ఒకటి ధవళేశ్వరం ఆనకట్ట గురించి. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది కదా, ఆ కథ.

రెండోదే నన్ను పట్టేసింది. అమెరికా పశువుల కాపరులది. 1867 నుంచి టెక్సస్ మందల్ని కాన్సస్‌లోని ఆబిలీన్ రైలు దాకా తోలుకెళ్ళేవారు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకి పేటెంట్ తీసుకున్నాక, ఆ బీళ్ళన్నిటికీ మెల్లగా కంచెలు పడ్డాయి.

చదువుతుంటే మా లంక గుర్తొచ్చింది. వరదొస్తుందంటే నాన్నగారు గేదెల్ని గోదాట్లోకి దింపి, పెద్దగేదె తోక పట్టుకుని గట్టుకి ఈదేవారు. నీళ్ళమీద కొమ్ములూ, బుస్సుమనే ముట్టెలూ తప్ప ఏమీ కనబడేవి కావు. అమ్మ గట్టుమీద నిలబడి ఒక్కోటీ లెక్కపెట్టేది.

మన లంకల పశువుల బతుకు మీద ఎవరైనా రాస్తే, పూర్తి ధరకే కొంటాను.