అనిర్వేదం, ముప్పై ఒక్క సీసాలు

మధ్యాహ్నం రెండున్నరకి ఇంటి ముందు ఆటో ఆగింది. చెన్నై టి.నగర్‌లో మేం ఇంట్లో పెట్టిన ఆవకాయ అమ్మకానికి వేసే షాపు కుర్రాడు రెండు అట్టపెట్టెలు దింపి, బిల్లు నా చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగమన్నా వినకుండా వెళ్లిపోయాడు. బిల్లు వెనక ఎర్ర పెన్నుతో ఒకటే మాట, రిటర్న్. నలభై ఎనిమిది సీసాలు వేస్తే ముప్పై ఒకటి వాపసు. అరకిలో సీసా 180 రూపాయలు. లెక్క వెయ్యకూడదనుకుంటూనే వేశాను. 5,580.

ఒక సీసా మూత తిప్పాను. బుస్సుమని గాలి, దాని వెంటే పులిసిన వాసన. పైన వేలు మందాన నిలవాల్సిన నూనె ఎప్పుడో కిందికి దిగిపోయింది. పైకి తేలిన ముక్క అంచున దూదిపింజ అంటుకున్నట్టు తెల్లగా బూజు. కింద కారం మాత్రం ఏమీ జరగనట్టు ఎర్రగా నిగనిగలాడుతోంది. అది చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

పెద్ద నష్టమైతే సంగతి వేరు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచి, పైకి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు మా కింద గదిలో మోకాలి లోతు నీళ్లు. అట్టపెట్టెలు నాని పేలికలయ్యాయి. ఖాళీ సీసాలు నీళ్లమీద తేలుతూ ఒకదానికొకటి తగిలి గుడిగంటల్లా మోగాయి. ఆ వారమంతా మేడమీది మామి ఫ్లాస్కులో కాఫీ పంపింది. నెల్లూరు నుంచి అన్నయ్య ఫోన్ చేసి డబ్బేమైనా కావాలా అన్నాడు. తుపానుకి చుట్టాలుంటారు. ముప్పై ఒక్క సీసాలకి ఎవరూ ఉండరు. మా ఆయన కూడా "పోన్లే" అని పేపరు తిప్పేశాడు.

మనిషిని నిజంగా కుంగదీసేవి ఇలాంటివేనని నాకు అనిపిస్తుంది. చుట్టాలకి చెప్పుకునేంత పెద్దవి కావు, మర్చిపోయేంత చిన్నవీ కావు.

ఆ సాయంత్రం పారాయణకి వెళ్లబుద్ధి కాలేదు, ఐనా వెళ్లాను. వెస్ట్ మాంబళంలో మా వీధివాళ్లం ఏటా ఈ రోజుల్లో సుందరకాండ చదువుకుంటాం. అరవై ఎనిమిది సర్గలు, రోజుకి రెండు చొప్పున ముప్పై నాలుగు రోజులు. వైశాఖ బహుళ దశమికి, అంటే మన హనుమజ్జయంతికి, పూర్తయ్యేలా మొదలుపెడతాం. తమిళులకి ఆ పండగ మార్గళి మాసంలో, మూలా నక్షత్రం నాడు వస్తుంది. అందుకని మా వీధి ఆంజనేయుడికి ఏడాదికి రెండు పుట్టినరోజులు. ఒకసారి మామీల మిరియాల వడమాల, ఇంకోసారి మా అప్పాలూ తమలపాకుల దండా. ఆయనకేమీ అభ్యంతరం ఉన్నట్టు లేదు.

చదివించేది నెల్లూరు పిన్నిగారు. సంస్కృతం టీచరుగా చేసి రిటైరయ్యారు. ఎనభై దగ్గర పడుతున్నాయి. శ్లోకం చదివేటప్పుడు కళ్లజోడు పెట్టుకుంటారు, అర్థం చెప్పేటప్పుడు తీసేస్తారు. ఆ రోజు ఆరో రోజు, పదకొండూ పన్నెండూ సర్గలు.

ముందురోజు చదివినది మీకు గుర్తుచేయాలి. పదో సర్గలో హనుమంతుడు రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతమ్మ అనుకుంటాడు. ఇక ఆ సంబరం చూడాలి. భుజాలు చరుచుకుంటాడు, తోకని ముద్దుపెట్టుకుంటాడు, పాడతాడు, స్తంభాలెక్కి కిందికి దూకుతాడు. కోతి బుద్ధి బయటపెట్టుకున్నాడని వాల్మీకే అంటాడు. ఆ షాపు నుంచి మొదటి ఆర్డరు వచ్చిన రోజు నేను వీధంతా మైసూర్‌పాక్ పంచాను. పదకొండో సర్గ మొదట్లోనే ఆయనకి తెలిసొస్తుంది. రాముణ్ణి విడిచిన సీత ఇలా నగలు పెట్టుకుని, తిని, తాగి నిద్రపోతుందా? ఎవరూ చెప్పకుండానే తన పొరపాటు తనే దిద్దుకున్నాడు. మళ్లీ వెతుకులాట. పన్నెండో సర్గకి వచ్చేసరికి లంకలో చూడాల్సినవన్నీ చూసేశాడు, తల్లి కనబడలేదు. అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్న జాంబవంతుడికి, అంగదుడికి ఏం చెప్పాలి? అంత సముద్రం దాటి వచ్చి వట్టి చేతులతో వెళ్లడమా? అక్కడ తనకి తానే చెప్పుకున్న శ్లోకం ఇది.

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్ ।
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః ॥

దిగులుపడి వదిలేయకపోవడమే సంపదకి మూలం, అదే పరమసుఖం, ఏ పనిలోనైనా మనిషిని ఎప్పుడూ నడిపించేది అదే అని పిన్నిగారు చెప్పారు. నిర్వేదం అంటే భయం కాదట, దుఃఖం కూడా కాదట. మన మాటల్లో చెప్పాలంటే "ఎందుకొచ్చిన గొడవ" అని కూలబడిపోవడం. ఆ మధ్యాహ్నం నుంచి నా నోట్లో ఆడుతున్న మాట సరిగ్గా అదే.

ఈమధ్యే రావడం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు ఉన్నాడు. ఏదో ఒకటి అడగందే ఊరుకోడు. "పిన్నిగారూ, ముండకోపనిషత్తు నిర్వేదం పొందమనే చెబుతుంది కదండీ, మరి ఇక్కడ తప్పెలా అయింది?" అన్నాడు.

పిన్నిగారు కళ్లజోడు తీశారు. "అక్కడ మొదటి మాటేమిటి నాయనా? పరీక్ష్య లోకాన్. లోకాలన్నీ పరీక్షించి చూశాక వచ్చే నిర్వేదం అది. ఈయన ఇంకా లంకే పూర్తిగా చూడలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వస్తూ ఆలోచిస్తే, నేను విసుగుపడి మానేసిన పనులన్నీ సగం లంక చూసి మానేసినవేనని లెక్క తేలింది.

ఆ ఊపులో రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. సీసాలు సరిగ్గా ఎండలేదా? మూతల లోపలి పొరలో తడి ఉండిపోయిందా? కాయలు తుడిచే అమ్మాయి తడిగుడ్డ వాడిందా? కారం నాసిదా? ఉప్పు తగ్గిందా? ఒక్కొక్కటి వాసన చూసి, రుచి చూసి, పక్కన పెట్టాను. అత్తగారు మంచం మీంచే తీర్పు చెప్పారు, కాయలో దమ్ము లేదని. ఆవిడ కొత్వాల్ చావడిలో కాయలు ఏరుకున్న మనిషి. 1996లో మార్కెట్టు కోయంబేడుకి మారింది, ఆవిడ దృష్టిలో మామిడికాయ కూడా ఆ ఏడాదే చెడింది. పడుకునే ముందు లేచి వచ్చి సీసాలకి ఉప్పుతో దిష్టి తీశారు. ఇంత ఉప్పు ముందే లోపల పడి ఉంటే బావుండేదని మా ఆయన గొణిగాడు. పన్నెండున్నర అయింది. కారణం దొరకలేదు.

మర్నాడు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. ఆ టైంలో వచ్చే ఆలోచనలు మీకూ తెలిసే ఉంటాయి. ఈ షాపు మానేస్తే పక్క షాపుకి తెలుస్తుంది. వాళ్లు మానేస్తే మహాలింగపురం ఆర్డర్లు పోతాయి. ఆ డబ్బు లేకపోతే చీటీ కట్టలేను. చీటీ ఆగితే పాప ఫీజు. ఐదు కొట్టేసరికి నేను వ్యాపారం మూసేసి, జాడీలు అమ్మేసి, ఎవరి ఇంట్లోనో వంటకి కుదిరిపోయాను.

సాయంత్రం పదమూడో సర్గ చదువుతుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇది చాలామంది పట్టించుకోరు. అనిర్వేదం శ్లోకం చెప్పుకోగానే సీతమ్మ కనబడలేదు. పానశాలలు, పూలఇళ్లు, చిత్రశాలలు, క్రీడాగృహాలు, అన్నీ మళ్లీ వెతికాడు. ఆ అంతఃపురంలో ఆయన కాలు పెట్టని నాలుగంగుళాల చోటు కూడా లేదంటాడు వాల్మీకి. ఐనా కనబడలేదు. అప్పుడు ముందుకంటే లోతైన దిగులు. నేను వట్టి చేతులతో వెళ్తే రాముడు బతకడు. రాముడు లేకపోతే లక్ష్మణుడు, ఆ తర్వాత భరత శత్రుఘ్నులు, తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, ఆఖరికి వానరజాతే. తెల్లవారుజామున మూడింటికి నేను వేసిన లెక్కే! ఇక వెళ్లను, చెట్టుకింద వానప్రస్థుడిలా చేతిలో పడింది తింటూ బతుకుతాను, లేకపోతే నిప్పులో దూకుతాను అనుకుంటాడు. మరుక్షణం రావణుణ్ణి మోసుకెళ్లి పశుపతికి పశువులా రాముడికి సమర్పిస్తానంటాడు. అలిసిన మనసు ఒక కొసనుంచి ఇంకో కొసకి ఎలా ఊగుతుందో ఆ సర్గలో ఉన్నది ఉన్నట్టు ఉంది.

"అంగదుడిదీ ఇదే కథ" అన్నారు పిన్నిగారు. కిష్కింధకాండలో వానరులు వెతికి వెతికి డస్సిపోతే, అనిర్వేదం, సామర్థ్యం, ఓటమి ఒప్పుకోని మనసు, ఈ మూడే పని సాధిస్తాయని ధైర్యం చెప్పినవాడు అంగదుడు. కొన్ని సర్గలు దాటాయో లేదో, సముద్రపు ఒడ్డున దర్భలమీద పడుకుని ప్రాయోపవేశం, అంటే తిండి మానేసి చావుకి సిద్ధపడటం, చేసిందీ ఆయనే. అప్పుడు ఆహారం దొరికిందని సంబరపడుతూ జటాయువు అన్న, ముసలి గద్ద సంపాతి వచ్చాడు. తినడానికి వచ్చినవాడే సీతమ్మ జాడ చెప్పాడు.

"ఆ మాట చెప్పిన ఇద్దరూ చెప్పాక కుంగిపోయారమ్మా. కుంగనివాడైతే ఆ మాటతో పనేముంది?" అని పిన్నిగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

ఇక అసలు చోటు. చనిపోతే దోషాలే ఎక్కువ, బతికుంటే మంచి జరగొచ్చు అని హనుమంతుడు మనసు కూడదీసుకుంటాడు. తలెత్తి చూస్తే దూరంగా పెద్దపెద్ద చెట్లతో ఒక తోట. ఇమామధిగమిష్యామి న హీయం విచితా మయా. "అక్కడికి వెళ్తాను, దాన్ని నేను ఇంకా వెతకలేదు." దివ్యదర్శనం లేదు, ఆకాశవాణి లేదు. చూడని చోటు ఒకటి మిగిలిందని గుర్తించడం, అంతే. తర్వాత రాముడికి, లక్ష్మణుడికి, జానకికి, దేవతలకి నమస్కారం చెప్పుకుని కదిలాడు. ముందు తోట కనబడింది, తర్వాత నమస్కారం. ఆ వరస నాకు చాలా నచ్చింది.

పద్నాలుగో సర్గలో తోటలోకి దూకి, శింశుపా వృక్షమెక్కి ఆకుల చాటున కూర్చుంటాడు. అక్కడా వెంటనే కనబడదు. ఇంత చక్కటి నీళ్లున్న ఏరు ఉంది, సంధ్యకి ఆ తల్లి ఇక్కడికి వచ్చి తీరుతుంది అనుకుని ఎదురుచూస్తాడు. ఆ రోజుకి అక్కడ ఆపేశాం.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని ఆలోచించాను. సీసా చూశాను, మూత చూశాను, కారం, కాయ, పనమ్మాయి, ఆఖరికి దిష్టి కూడా. ఏం చూడలేదు? పచ్చడి పుస్తకం చూడలేదు. ఆత్మపరిశీలన అనుకునేరు, కాదు, నూనె లెక్క రాసుకునే నోట్‌బుక్కు. ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద ఉంది. పోయినేడు పది కిలోల ముక్కకి ఐదు లీటర్ల నువ్వుల నూనె. ఈ ఏడు ఉగాది వెళ్లిన వారానికి పెట్టిన మొదటి బ్యాచ్‌కి, నా చేతిరాతతోనే, నాలుగు. ఎందుకు తగ్గించానో కూడా గుర్తొచ్చింది. నూనె ఎక్కువైందని ఎవరో కస్టమర్ అన్నారు, ధర చూస్తే నాకూ అది నిజమే అనిపించింది. కాయ ఊట తాగి, ముక్క నూనె తాగి, పదిరోజులకి పైముక్క గాలికి తేలింది. నూనె పైన నిలిస్తే గాలి సోకదు, గాలి సోకకపోతే బూజు పట్టదు. పదేళ్లకే మా అమ్మ దగ్గర నేర్చుకున్న సంగతి.

ఎనిమిదో రోజు పొద్దున్నే కోయంబేడు వెళ్లి కాయ తెచ్చాను. ముక్కలు కొట్టించి, ఒక్కోటి పొడిగుడ్డతో తుడిచి, ఐదు లీటర్లూ పోశాను. షాపుకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "పాక్కలాం అక్కా" అన్నారు, చూద్దాం అని. వీధి మూల కొట్టు అణ్ణాచ్చి మాత్రం ఆరు సీసాలు పెట్టుకుంటానన్నాడు, అమ్మితేనే డబ్బు.

సాయంత్రం పదిహేను, పదహారు సర్గలు. పదిహేనులో తల్లి కనబడింది. మాసిన చీర, చిక్కిన ఒళ్లు, నిట్టూర్పులు, చుట్టూ రాక్షస స్త్రీలు. హనుమంతుడు సంతోషించాడు, మనసులో రాముణ్ణి తలుచుకున్నాడు. కానీ ఈసారి స్తంభాలెక్కలేదు, తోకని ముద్దుపెట్టుకోలేదు. పదహారో సర్గ మొదట్లోనే ఆయన కళ్లనిండా నీళ్లు.

పిన్నిగారు అక్కడ చాలాసేపు ఆగారు. కళ్లజోడు తీయలేదు, అర్థమూ చెప్పలేదు. ఒక మామి లేచి దీపంలో నూనె పోసింది.

ఇంటికొచ్చేసరికి జాడీ మూతికి కట్టిన తెల్లగుడ్డ మీద నూనె మరక చిన్నగా పైకి పాకి ఉంది. తియ్యబోతే అత్తగారు చేతిమీద ఒక్కటి వేశారు. మూడో రోజు దాకా దాన్ని ముట్టుకోకూడదు.