1 నిమిషం 21 సెకన్లు: ఫినెస్ట్రె స్టేజిని వైజాగ్‌లో కూర్చుని చూసిన నా అనుభవం

రోజుకో స్టేజి చొప్పున వారాల తరబడి సాగే సైకిల్ రేసులో కొండలెక్కే స్టేజి అర్థం కావాలంటే ముందుగా తెర మీద అందరికంటే ముందున్నవాణ్ణి చూడడం మానెయ్యాలి. వాడు చాలాసార్లు అసలు రేసుకి సంబంధం లేనివాడే. అన్ని రోజుల సమయాలూ కూడిన మొత్తం పట్టికలో అరగంటో గంటో వెనకబడ్డవాడు ముందుకెళ్తే పెద్దవాళ్ళెవరూ పట్టించుకోరు, పొమ్మంటారు. చూడాల్సింది వెనకున్న ఇద్దరు ముగ్గుర్ని, వాళ్ళ మధ్య గ్యాప్‌ని. అందుకే నేను పెద్ద స్టేజి ఉన్న రోజు ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇంట్లోవాళ్ళకి అదొక వేడుక. "పద్దు రాసుకుంటున్నాడు" అంటుంది అమ్మ.

2025 మే 31 శనివారం. ఇటలీలో మూడు వారాలు జరిగే రేసు జిరో ద ఇతాలియా 20వ స్టేజి, వెర్రెస్ నుంచి సెస్ట్రియేరె దాకా 205 కిలోమీటర్లు. మర్నాడు రోమ్‌లో జరిగే చివరి స్టేజి ఊరేగింపు లాంటిదే కాబట్టి మూడు వారాల లెక్క ఇక్కడే తేలాలి. పొద్దున పట్టిక ఇలా ఉంది. మొత్తం పట్టికలో ముందున్నవాడు తొడుక్కునే గులాబీ జెర్సీ ఇసాక్ డెల్ టోరోది, మెక్సికో కుర్రాడు, 21 ఏళ్ళు. 43 సెకన్ల వెనక ఈక్వడార్ రిచర్డ్ కారపాజ్, 2019లో ఇదే రేసు గెలిచినవాడు. 1 నిమిషం 21 సెకన్ల వెనక ఇంగ్లండ్ సైమన్ యేట్స్. మూడు పేర్లూ మూడు నిలువు గీతల మధ్య రాసుకున్నాను. యేట్స్ పేరు కింద 1:21 అని రాసి చుట్టూ సున్నా చుట్టాను. ఆ అంకె దాటితే జెర్సీ వాడిది.

ఆ తర్వాత రూటు చూసుకోవాలి. బొమ్మలో కొండలన్నీ రంపం పళ్ళలా ఒక్కలాగే కనిపిస్తాయి కాబట్టి పొడుగు, వాలు శాతం విడిగా రాసుకుంటే తప్ప ఏది అసలైనదో తెలియదు. ఈ స్టేజిలో అసలైనది కొల్లె దెల్లె ఫినెస్ట్రె. 18.5 కిలోమీటర్లు, సగటు వాలు 9.2 శాతం, శిఖరం 2,178 మీటర్లు. పైగా చివరి ఎనిమిది కిలోమీటర్లు తారు లేని మట్టి, గులకరాళ్ళ దారి. సింహాచలం ఘాట్ ఒకసారి తొక్కి పైకెళ్ళినవాడికి తొమ్మిది శాతం అంటే తొడలకి తెలుస్తుంది. కానీ అక్కడ కాసేపటికే గుడి వచ్చేస్తుంది. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ పొడుగ్గా ఉంటుంది గానీ మధ్యమధ్య ఊపిరి పీల్చుకోనిస్తుంది. అరకు రైలు దారిలో శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లని బోర్డు మీద చదివి అబ్బో అనుకుంటాం కదా, ఫినెస్ట్రె దానికి రెట్టింపు పైమాట. ఊపిరి పీల్చుకునే చోటన్నదే దాదాపు లేదు.

ఇక్కడొక పాత కథ చెప్పాలి, లేకపోతే యేట్స్ పేరుకి అంత బరువెందుకో తెలియదు. 2018లో ఇదే రేసు, ఇదే కొండ. అప్పుడు గులాబీ జెర్సీ యేట్స్‌దే. ఫినెస్ట్రె మొదలవగానే కాళ్ళు మొరాయించాయి. ఆ ఒక్క రోజే 38 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు. అదే కొండ మీద క్రిస్ ఫ్రూమ్ ఇంకా 80 కిలోమీటర్లుండగా ఒంటరిగా దూసుకుపోయి రేసే గెలిచేశాడు. అందరికీ గుర్తుండేది ఫ్రూమ్ ఆ మట్టి దారి మీద తొక్కిన తొక్కుడు. కానీ శిఖరం దగ్గర వెనక గుంపుకీ అతనికీ మధ్య నిమిషం కూడా లేదు. అది మూడు నిమిషాలు దాటింది కొండ దిగాకే. వెనక అతన్ని తరుముతున్న టామ్ డుమూలాన్, తోడు కోసం రైఖెన్‌బాఖ్ అనే ఇంకో రైడర్ వచ్చేదాకా ఆగాడు. గుంపులో ఉన్న లోపెజ్, కారపాజ్ తమలో తాము కుర్రాళ్ళ తెల్ల జెర్సీ కోసం పోటీ పడుతూ ముందుకొచ్చి లాగలేదు, అంటే గాలిని తాము కాసి వెనకవాళ్ళకి దారి ఇవ్వలేదు. అవును, అదే కారపాజ్. అందుకే నోటుబుక్కులో కొండ పేరు కింద "తర్వాతి లోయ" అని ఇంకో గడి వేసుకున్నాను.

ఇటలీ మనకంటే మూడున్నర గంటలు వెనక. అంటే వాళ్ళ మధ్యాహ్నం ముగిసేసరికి మనకి చీకటి పడుతుంది. మే నెలాఖరు వైజాగ్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సముద్రం పక్కనే ఉన్నా గాలి కదలదు, చొక్కా వీపుకి అంటుకుపోతుంది. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. సైకిల్ అంటే ఆయనకి డ్యూటీకి వెళ్ళిన బండే. అయినా నా పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నారు.

"ఏట్రా, ఎవుడు ముందున్నాడు?"

"ముందున్నవాడితో మనకి పని లేదు నాన్నా."

"మరి ఏటి సూస్తన్నాం?"

ఫినెస్ట్రె అడుగున కారపాజ్ జట్టు ఒక్కసారిగా వేగం పెంచింది. గుంపు పగిలిపోయింది. కారపాజ్ లేచాడు, డెల్ టోరో అతని చక్రానికి అతుక్కుపోయాడు, యేట్స్ కొంచెం వెనకబడ్డాడు. ఇక వీడి పని అయిపోయిందని అనిపించే చోటు అదే. యేట్స్ కంగారు పడకుండా తన వేగంతో తను వచ్చి వాళ్ళని కలిశాడు, కలిశాక తనే దాడి చేశాడు. వాళ్ళు పట్టుకుంటే మళ్ళీ లేచాడు, మళ్ళీ. చివరికి వదిలేశారు. ఎందుకు వదిలారంటే కారపాజ్ కళ్ళు డెల్ టోరో మీద, డెల్ టోరో కళ్ళు కారపాజ్ మీద. మూడోవాడు ఇద్దరికీ మూడోవాడే. ఇంకో తమాషా, యేట్స్ కవల సోదరుడు ఆడమ్ డెల్ టోరో జట్టులోనే ఉన్నాడు. అప్పటికే వెనకబడిపోయాడు గాని, లేకపోతే సోదరుణ్ణి తరమాల్సిన పని సోదరుడి మీదే పడేది.

ఇరవై సెకన్లు, ముప్ఫై, యాభై. మట్టి దారి మొదలైంది. శిఖరం దగ్గరికొచ్చేసరికి గ్యాప్ నిమిషంన్నర దాటింది. నేను సున్నా చుట్టిన 1:21 కొట్టేశాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఎక్కడో ఈదురుగాలి లేచినట్టుంది, వీధి మొత్తం చీకటి. వైఫై పోయింది. ఫోన్లో సిగ్నల్ ఒక గీత, వీడియో తిరుగుతూనే ఉంది. చివరికి రాతలో వచ్చే అప్‌డేట్లు మాత్రం తెరుచుకున్నాయి, అవీ ఆగి ఆగి. నాన్న టార్చి పట్టుకున్నారు, నేను అంకెలు రాశాను. ఒక రకంగా నయమే. ఆ లోయలో తెర మీద చూసేదేమీ ఉండదు. మనుషులు తొక్కుతుంటారు, చెట్లు వెనక్కిపోతుంటాయి. జరిగేదంతా అంకెల్లోనే జరుగుతుంది.

గ్యాప్ రెండు నిమిషాలు దాటింది. పెరుగుతోంది. కొండ దిగాక ఒంటరివాడి గ్యాప్ తరగాలి గాని పెరగడమేమిటి? తర్వాతి అప్‌డేట్‌లో జవాబొచ్చింది. వౌట్ వాన్ ఆర్ట్. యేట్స్ జట్టువాడు, కొండ మనిషి కాదు, ఒళ్ళు బలమున్నవాడు. పొద్దున బ్రేక్‌అవేలో, అంటే గుంపుని వదిలి ముందుకెళ్ళిపోయిన చిన్న జట్టులో, వెళ్ళిపోయి ఫినెస్ట్రె ముందే దాటేసి, దిగాక కింద యేట్స్ కోసం ఆగాడు. స్టేజి గెలవడానికి కాదు అతన్ని ముందు పంపింది, ఇందుకే.

భీమిలి దారిలో ఎదురుగాలికి తొక్కినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. రుషికొండ దాటాక గాలి ముఖాన కొడుతుంటే ముందొకడు లాగుతున్నాడా లేదా అన్నదే మీ వేగాన్ని తేలుస్తుంది. తొమ్మిది శాతం వాలులో వేగం తక్కువ కాబట్టి వెనక నక్కినా పెద్ద లాభం లేదు. కానీ ఫినెస్ట్రె తర్వాత సెస్ట్రియేరె ఎక్కుడు సగటున నాలుగు శాతం కూడా లేదు. అలాంటి చోట గాలి మళ్ళీ లెక్కలోకి వస్తుంది. వాన్ ఆర్ట్ లాంటివాడు ముందుంటే యేట్స్‌కి అది సగం విశ్రాంతి. వెనక ఇద్దరున్నారు, ఇద్దరూ కొండ వీరులే, ఇద్దరూ లాగరు.

"ఇద్దరున్నారు గదా, ఒకడి తరవాత ఒకడు లాగితే పోదేటి?" అన్నారు నాన్న. వివరించాను. డెల్ టోరో లాగితే కారపాజ్ వెనక హాయిగా కూర్చుని సెస్ట్రియేరెలో కొడతాడు, 43 సెకన్లే కదా. కారపాజ్ లాగితే ఆ కష్టమంతా డెల్ టోరో జెర్సీ కాపాడ్డానికే. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఉమ్మడి గోడకి సున్నం ఎవుడేస్తాడని ఇద్దరూ సూసినట్టుంది" అన్నారు. దీనికి మించి విశ్లేషణ నేను ఆ రాత్రి ఎక్కడా చదవలేదు.

తర్వాత తప్పెవరిదని పెద్ద చర్చే నడిచింది. ఎక్కువమంది కుర్రాణ్ణే అన్నారు. నా లెక్క కొంచెం వేరు. కారపాజ్‌కి లాగే కారణం నిజంగానే తక్కువ. జెర్సీ ఉన్నది డెల్ టోరో దగ్గర, పోయేదీ అతని దగ్గర్నుంచే. అతను లాగి కారపాజ్ చేతిలో ఓడిపోవచ్చు, కాని కారపాజ్‌ని అతను అంతకుముందు రెండు మూడు రోజులుగా వదలకుండా కాసుకొస్తున్నాడు, ఆ రోజు ఫినెస్ట్రెలో కూడా వదల్లేదు. అంటే అటు గెలిచే అవకాశం ఉంది. లాగకపోతే యేట్స్ చేతిలో ఓటమి ఖాయం, గ్యాప్ చూస్తేనే తెలుస్తోంది. ఖాయమైన ఓటమికంటే అనుమానమున్న ఓటమి మేలు కదా. కానీ ఇది 21 ఏళ్ళ కుర్రాడు, ఫినెస్ట్రె ఎక్కి దిగిన ఊపిరితో, సొంతంగా తేల్చుకోవాల్సిన లెక్క కాదు. చెవిలో రేడియో ఉంది, వెనక జట్టు కారుంది. నేనైతే కార్లో కూర్చున్నవాళ్ళనే అడుగుతాను.

కరెంటు వచ్చేసరికి యేట్స్ సెస్ట్రియేరె చివరి కిలోమీటర్లలో ఉన్నాడు. స్టేజి గెలిచింది ఆస్ట్రేలియా క్రిస్ హార్పర్, బ్రేక్‌అవేలో వెళ్ళి ఒంటరిగా మిగిలినవాడు. యేట్స్ అతనికి 1:57 వెనక, మూడో స్థానంలో గీత దాటాడు. దాటాక ఏడ్చేశాడు. ఏడేళ్ళ కిందట అదే కొండ మీద ఏం జరిగిందో తెలిసినవాళ్ళకి అందులో ఆశ్చర్యం లేదు. డెల్ టోరో వచ్చింది అతని తర్వాత 5 నిమిషాల 13 సెకన్లకి.

"మూడోవోడు గెలవడమేట్రా?" అని నాన్న పట్టుకున్నారు. సరే, కూర్చోబెట్టి కూడికలు చేయించాను. 5:13లోంచి పొద్దున ఉన్న 1:21 తీసేస్తే 3:52. స్టేజిలో మూడో స్థానానికి 4 సెకన్ల బోనస్ ఇస్తారు, కలిపితే 3:56. కాసేపటికి అధికారిక పట్టిక వచ్చింది. యేట్స్ ముందు, డెల్ టోరో 3:56 వెనక, కారపాజ్ మూడు. నాన్న నోటుబుక్కు తీసుకుని ఆ అంకె ఇంకోసారి సరిచూసి, "సెకను కూడా తేడా రాలేదు" అని పోర్టు గుమస్తాలా తల ఊపారు.

మర్నాడు రోమ్‌లో చదును దారి. అక్కడా వాన్ ఆర్ట్ పనిలోనే ఉన్నాడు, ఈసారి జట్టులో స్ప్రింటర్, అంటే చివరి మీటర్లలో పరుగు తీసే వేగగాడు, ఓలావ్ కోయ్ కోసం. అతను ముందుండి లాగితే కోయ్ ఆ స్టేజి గెలిచాడు. నాన్న అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఆ లాగినోడికి జీతం బాగా ఇస్తారా?" బాగానే ఇస్తారని చెప్పాను.