మైనస్ 25536

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సీజన్‌లో రాత్రి ఇంటికి రాగానే చొక్కా గుమ్మం బయటే విప్పి దులుపుతాడు, లేకపోతే ఇంట్లో అందరికీ తుమ్ములే. ఆ చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నీలంతో లెక్క రాస్తాడు. లెక్క రెండోసారి కూడా సరిపోతేనే ఎర్ర పెన్ను బయటికి వస్తుంది, పక్కన ఒక టిక్కు పడుతుంది. నా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) చదువు గురించి రాయాలని కూర్చుంటే ముందుగా ఆ ఎర్ర పెన్నే గుర్తొచ్చింది.

మాది 2021 బ్యాచ్. కరోనా వల్ల ఇంటర్ పరీక్షలు రద్దయి, రాయకుండానే పాసైనవాళ్లం. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారిందీ, ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేసిందీ ఆ ఏడాదే. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు చుట్టాలూ పక్కింటివాళ్లూ అందరిదీ ఒకటే మాట, సీఎస్ఈ తప్ప ఇంకేదీ పెట్టొద్దని. కన్వీనర్ కోటాలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. గుంటూరుకీ విజయవాడకీ మధ్య, హైవే పక్కన. పొద్దున్నే చుట్టుగుంట సెంటర్లో పసుపు రంగు బస్సెక్కితే పెదకాకాని వచ్చేసరికి సగం బస్సు నిద్రపోయేది. నేను మాత్రం ఆ కాసేపట్లో ముందు రోజు క్లాసులో వినపడిన ఇంగ్లీషు మాటలకి తెలుగు రాసుకునేదాన్ని. పదో తరగతి దాకా మున్సిపల్ స్కూల్లో తెలుగు మీడియం. వేరియబుల్ అంటే చలరాశి, ఫంక్షన్ అంటే ప్రమేయం, ఇంటీజర్ అంటే పూర్ణసంఖ్య. ఇలా ఒక పక్క రాసుకుంటే తప్ప నా బుర్రలోకి దిగేది కాదు. దీనికి సిగ్గుపడాలని అప్పుడు కొందరు అనుకునేలా చేశారు. ఇప్పుడు మాత్రం ఆ పుస్తకమే నా దగ్గరున్న అన్నిటిలోకీ విలువైంది అనిపిస్తుంది.

మొదటి సెమిస్టర్లో సీ భాష ల్యాబ్. కంప్యూటర్ తెరిస్తే సీ ప్రోగ్రాంలు రాసి నడిపే నీలం రంగు టర్బో సీ. నేను పుట్టక ముందటి సాఫ్ట్‌వేర్ అని అప్పుడు తెలీదు. రెండో వారం ప్రోగ్రాం రెండు సంఖ్యల మొత్తం. చుట్టూ అందరూ 10, 20 ఇచ్చారు, 30 వచ్చింది. ముందు రోజు రాత్రి నాన్న ఇద్దరు రైతులకి ఇచ్చిన అడ్వాన్సులు పైకి చదువుకుంటూ రాస్తుంటే విన్నాను, ఒకరికి 22,000, ఇంకొకరికి 18,000. అవే ఇచ్చాను. నలభై వేలు రావాలి కదా. తెర మీద మైనస్ 25536 వచ్చింది.

మళ్లీ ఇచ్చాను, మళ్లీ అదే. ప్రోగ్రాం అక్షరం అక్షరం పక్కమ్మాయి దాంతో సరిచూశాను, ఒక్క తేడా లేదు. సార్‌ని పిలిస్తే ఒకసారి చూసి "చిన్న నంబర్లు ఇవ్వమ్మా, వస్తుంది" అని వెళ్లిపోయారు. నిజమే, చిన్నవి ఇస్తే వచ్చింది. కానీ యార్డులో చిన్న నంబర్లు ఉండవు. నలభై వేలు చేతికిచ్చి, పాతిక వేలు నువ్వే బాకీ అని రైతుకి చెబితే?

ల్యాబ్‌లో ప్రోగ్రామర్‌గా ఒక మేడం ఉండేవారు. పాఠం చెప్పే ఉద్యోగం కాదు ఆవిడది, సిస్టమ్‌లు పనిచేస్తున్నాయా లేదా చూడటమే. అందరూ వెళ్లాక నా పక్కన కూర్చుని ఒక కాగితం మీద పదహారు గడులు గీశారు. ఈ టర్బో సీలో ఇంట్ అంటే, అంటే ఒక ఇంటీజర్‌కి, ఇంతే చోటు అన్నారు. ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ, ఆ గడినే బిట్ అంటారు. మొత్తం 65,536 రకాలుగా నింపొచ్చు. అందులో సగం మైనస్ సంఖ్యలకి పోతే ప్లస్ వైపు 32,767 దగ్గర ఆగిపోతుంది. గడియారంలో పన్నెండు దాటితే పదమూడు రాదు, తిరిగి ఒకటి దగ్గరికొస్తుంది. ఇక్కడా అంతే, 32,767 దాటగానే మైనస్ 32,768లోకి తిరుగుతుంది. "నలభై వేల్లోంచి 65,536 తీసెయ్" అన్నారు. తీసేశాను. మైనస్ 25,536.

ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా కంప్యూటర్ తప్పు చేసిందనుకున్నాను. అది తన చోటు ఎంతో అంతే చేసింది, ఆ చోటు ఎంతో అడగనిది నేను. యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ సంగతి కూడా ఆ రోజే చెప్పారు మేడం. 1996 జూన్ 4న మొదటి ప్రయోగం, నలభై సెకన్లు కూడా కాకముందే గాల్లో పేలిపోయింది. 64 బిట్ల సంఖ్యని 16 బిట్ల చోటులో పెట్టబోతే పట్టలేదు. నా పదహారు గడులే!

ల్యాబ్‌లో చేసినవన్నీ రాసి సార్‌కి ఇచ్చే రికార్డు పుస్తకంలో నేను రెండు అవుట్‌పుట్లూ రాశాను, 30 కూడా, మైనస్ 25536 కూడా, కింద ఎందుకో నాలుగు లైన్లలో. సార్ ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి, ఆ పేజీ మళ్లీ రాయమని వెనక్కిచ్చారు. రాశాను. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. మా రికార్డులన్నీ సీనియర్ల రికార్డుల్లోంచి దిగినవే. వాళ్లవి వాళ్ల సీనియర్లవి. ప్రోగ్రాం నడపకుండానే అవుట్‌పుట్ రాసినవాళ్లు సగం మంది. నాలుగేళ్లలో ఎవరి రికార్డులోనూ ఒక్క తప్పు అవుట్‌పుట్ చూడలేదు. తప్పు వచ్చిన రోజే కదా నాకు ఇంటీజర్ అంటే ఏంటో అర్థమైంది. ఆ పేజీ చించెయ్యలేదు, అబ్జర్వేషన్ పుస్తకంలో మడిచి పెట్టుకున్నాను.

మిడ్లు, అసైన్‌మెంట్లు, పరీక్షకి ముందు రాత్రి ఆల్ ఇన్ వన్‌లు, అటెండెన్స్ 75 శాతం తగ్గకుండా చూసుకోవడం, అమ్మ ఖాతాలో ఫీజు డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూడటం... ఇవి ఈ పక్క ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా తెలిసినవే.

రెండో ఏడాదిలో నాన్న విజయవాడ తీసుకెళ్లి ఏలూరు రోడ్డులో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. దాని రుణం తీర్చుకోవాలని 2023 సీజన్‌కి యార్డు లెక్కల ప్రోగ్రాం రాశాను. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా ఎంత, క్వింటా రేటు ఎంత ఇస్తే తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీ, మొత్తం వచ్చేస్తుంది. ఆ ఏడాది తేజ రకం 20 వేలు దాటి పలికింది. 336 కిలోల అరకిలో, క్వింటా 20,500 అంటే నాన్న పెన్ను కూడా ఎత్తకుండా "అరవై ఎనిమిది వేల తొమ్మిదొందల ఎనభై రెండున్నర" అంటాడు. నా ప్రోగ్రాం కూడా అదే అంది. ఇద్దరం సంతోషపడ్డాం.

సీజన్ అయ్యాక 350 దాకా తక్‌పట్టీలు కూడితే నాన్న పుస్తకంలో 2,31,46,807 రూపాయల 50 పైసలు. నా తెర మీద 2,31,46,796. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పదకొండున్నర యాడికి పోయింది అమ్మలూ?" అన్నాడు.

రెండు కోట్లలో పదకొండు రూపాయలు ఒక లెక్కా అని నేననలేదు. నాన్న ముందు ఆ మాట ఎవరూ అనరు. నాలుగు రాత్రులు ఆయన చదువుతుంటే నేను టిక్కు పెట్టుకుంటూ 350 చీటీలూ సరిచూశాం. ఒక్కటీ తప్పు లేదు. ఐదో రాత్రి ఒక్కో చీటీ కలిపాక మొత్తం ఎంతయిందో వరసగా అచ్చయ్యేలా మార్చాను. ఆ వరస చూస్తుంటే కనబడింది. 83 లక్షల 88 వేలు దాటిన దగ్గర్నుంచి అర్ధరూపాయలు లేవు. కోటీ 67 లక్షల 77 వేలు దాటాక బేసి రూపాయలు కూడా లేవు, కింది దాకా అన్నీ సరి సంఖ్యలే. యాభై పైసలు, రూపాయి చొప్పున ఒకచోట పెరుగుతూ ఇంకోచోట తరుగుతూ, చివరికి పదకొండున్నర జారిపోయాయి.

మళ్లీ మేడం దగ్గరికే వెళ్లాను. నేను మొత్తాన్ని ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యలు పెట్టుకునే చోటులో, పెట్టాను, అందులో అంకెలకి ఉండే చోటు 24 బిట్లు. అది 1985లోనే కుదుర్చుకున్న పద్ధతి, దాదాపు అన్ని కంప్యూటర్లూ అదే పాటిస్తాయి. 24 రెళ్లని ఒకదానితో ఒకటి గుణిస్తే 1,67,77,216. అది దాటితే ప్రతి రూపాయికీ చోటుండదు. ఫ్లోట్ కంటే పెద్దదైన డబుల్ వాడితే 53 బిట్లు, నీకు చాలు అన్నారు.

ఇంటికొచ్చి చెబితే నాన్న ఒక్క ప్రశ్న వేశాడు. "చాలు అంటే సరిగ్గానా, సుమారుగానా?"

ఆ ప్రశ్నే నన్ను పదో తరగతి లెక్కల పుస్తకం దగ్గరికి తీసుకెళ్లింది. వాస్తవ సంఖ్యలు, మొదటి అధ్యాయం. భిన్నాన్ని సూక్ష్మీకరించాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధానాంకం ఉంటే ఆ దశాంశం అంతం కాదు. మనం పదితో లెక్కపెడతాం, పదిలో 2, 5 ఉన్నాయి కాబట్టి. కంప్యూటర్ రెండుతో లెక్కపెడుతుంది, దానికి 5 కూడా పరాయిదే. 3.365 క్వింటాళ్లంటే 673 బై 200. ఆ 200లో 5 ఉంది. కాబట్టి కంప్యూటర్‌కి అది అంతం కాని ఆవర్తన దశాంశం, ఎన్ని బిట్లిచ్చినా ఎక్కడో తెగ్గొట్టాల్సిందే. మనకి ఒకటి బై మూడు ఎలాగో దానికి ఒకటి బై పది అలాగ. తెలుగు మీడియంలో బట్టీ పట్టిన సిద్ధాంతం ఇన్నాళ్లూ నాకోసం కాచుకుని కూర్చున్నట్టనిపించింది. రాత్రి పన్నెండింటికి అమ్మని లేపి మరీ చెప్పాను.

అందుకే దశాంశాలే తీసేశాను. బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో, అన్నీ పూర్ణసంఖ్యలు, 64 బిట్ల చోటుండే లాంగ్ లాంగ్‌లో. మామూలు ఇంట్ పెట్టలేదు, ల్యాప్‌టాప్‌లో అది 32 బిట్లే. పైసల్లో పెడితే 2 కోట్ల 14 లక్షల రూపాయలు దాటగానే మళ్లీ మైనస్‌లోకి తిరుగుతుంది. ఈసారి చోటు ఎంతో ముందే అడిగాను.

2024 సీజన్ చివర రెండు మొత్తాలూ పైసతో సహా కలిశాయి. నాన్న ఎర్ర పెన్ను తీయలేదు. "ఇంకో సీజన్ చూద్దాం" అన్నాడు.

2025లో రేటు పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం రైతుల్ని ఆదుకోడానికి మార్కెట్ జోక్య ధర క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. రెండేళ్ల కింద ఇరవై వేలు కొట్టిన గడిలో పదకొండు వేలు కొడుతుంటే నా వేళ్లు ఆడలేదు. అదే రైతుల పేర్లు, దాదాపు అవే టిక్కీలు, మొత్తం మాత్రం సగం. సరుకు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్ల పేర్లకి ఎదురుగా ఖాళీ. లెక్క ఎంత సరిగ్గా వేసినా ఆ ఖాళీని నేనేమీ చేయలేను.

యార్డుకి వేసవి సెలవులిచ్చిన రోజు రాత్రి ఇద్దరం కూర్చుని కూడాం. కలిశాయి. నాన్న నా ప్రింటు కాగితం తీసుకుని కింది లైను మీద వేలు పెట్టి ఒక్కో అంకే పైకి చదివాడు, మళ్లీ పుస్తకంలోది చదివాడు. అప్పుడు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ కాగితం మీద టిక్కు పెట్టాడు. దాన్ని నాలుగు మడతలు వేసి ఖాతా పుస్తకం చివర్లో పెట్టుకున్నాడు. జనవరిలో మళ్లీ కావాలన్నాడు.